వ్యోమనౌకలో వంటలక్క

ఈ నడుమ కొందరు విమర్శకులును, వారికంటె నెక్కువగా వారి మాటకు తల యూపు యువకులును, ఒక సిద్ధాంతమును లోకము మీదికి వదలినారు. బీటలు వారిన దాంపత్యమును పరిణత బుద్ధితో చిత్రింపగల శక్తి నేటి కథా ప్రక్రియలలో వైజ్ఞానిక కల్పనా ధారావాహికకే కలదనియు, తక్కిన సంసార గాథలన్నియు ముక్కు చీదుళ్లేననియు ఆ సిద్ధాంత సారాంశము. ఆలుమగలు బందరు కాలువ గట్టున పోట్లాడుకొన్నచో అది సీరియలు. ఆ పోట్లాటనే, అదే కూరను గుఱించి, అదే గొంతు పెంచి, నక్షత్రములు కనబడు కిటికీ ప్రక్కన నిలువబడి సాగించినచో అది జీవిత విమర్శ! భూమికి ఎంత దూరముగా జరిగిన కలహము అంత వాస్తవికమైనదని తేల్చిన ఈ క్రొత్త గణితమునకు ముందుగా నమస్కరించి, ఆ పిమ్మట లెక్క సరిచూచుట మా ఉద్దేశము.

ఈ సిద్ధాంతమును మా ఇంటికి మోసికొని వచ్చినవాడు మా మేనల్లుడు. డల్లాసు నుండి సంక్రాంతికి పెడన వచ్చి, లోపల ఆడువారు 'కార్తీకదీపం' రెండవ భాగము చూచుచుండగా వసారాలోనికి కుర్చీ లాగికొని, "మావయ్యా, ఇలాంటివి చూసీ చూసీ మన బుర్రలు పాడైపోయాయి. 'స్టార్ ట్రెక్ డీప్ స్పేస్ నైన్' అని పాతది ఒకటుంది, చూడండి. అందులో ఓబ్రయన్, కీకో అని మొగుడూ పెళ్లాలుంటారు. పెళ్లంటే ఏంటో అక్కడ తెలుస్తుంది" అని హితోపదేశము చేసినాడు. నలుబది యేండ్లుగా కాపురము చేయుచున్నవానికి పెండ్లి యనగా నేమో తెలియలేదన్న మాట కొంచెము గ్రుచ్చుకొన్నను, మేనల్లుని మాట త్రోసివేయుట మర్యాద గాదు గనుక చూచితిమి.

1993 మొదలు 1999 వరకు ఏడు సీజనులు సాగిన ఆ ధారావాహిక ఒక అంతరిక్ష కేంద్రపు కథ. అందు మరమ్మతుల పెద్ద మైల్స్ ఓబ్రయన్. ఆయన భార్య కీకో. వీరి వివాహము అంతకు ముందరి 'నెక్స్ట్ జనరేషన్' ధారావాహికలో, 1991లోనే జరిగినది. పెండ్లినాటి ఉదయమున వధువు పెండ్లి వద్దని భీష్మించి, ముహూర్తము దాటకముందే సరే యన్నది. అంతవరకు మన పెండ్లిండ్లకంటె విశేషమేమియు లేదు. వారి యింటి గోడలో రెప్లికేటరను నొక పెట్టె కలదు. కోరిన వంటకము పేరు చెప్పినచో పళ్లెముతో సహా ప్రత్యక్షమగును. గ్యాసు బండ రాలేదన్న చింత లేదు, ఉప్పు కసిరినదన్న మాట లేదు. ఐనను ఆ క్రొత్త కాపురములో రచయితలు మనకు చూపిన చిక్కు తిండి గుఱించియే! ఆమె సముద్రపు నాచు మొగ్గలును ప్లాంక్టను రొట్టెయు వడ్డించినది. తాను చేపను గానని ఆయన సణిగినాడు. తన తల్లి వండిన గొఱ్ఱె కాళ్లను, ఎద్దుతోకను, క్యాబేజీని తలచుకొన్నాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని యన్న సామెతను ఇరువదినాల్గవ శతాబ్దము దాక చెక్కుచెదరకుండ చేరవేసిన ఆ రచయితలకు తెలుగువారు ఋణపడియున్నారు.

ఇది యంతయు పరాచికము. అసలు సంగతి వేరు. కీకో వృక్షశాస్త్రజ్ఞురాలు. ముందరి ధారావాహికలోని ఎంటర్‌ప్రైజు నౌకలో మొక్కల పరిశోధన ఆమె ఉద్యోగము. మగనికి కేంద్రమునకు బదిలీ యైనది. బిడ్డను చంకన వేసికొని ఆమెయు వెంట వచ్చినది. ఇనుప గోడలును, గొట్టములును తప్ప పచ్చని ఆకు కానరాని ఆ కేంద్రములో వృక్షశాస్త్రజ్ఞురాలు చేయదగిన పని యేమున్నది? ఊరక కూర్చుండలేక పిల్లలకు బడి పెట్టినది. ఆ బడిలో చెప్పిన ఖగోళ పాఠము తమ దేవతలకు అపచారమని ఒక మతాధిపురాలు ధ్వజమెత్తగా, తొలి సీజను ముగియునాటికి ఆ బడి బాంబుతో ప్రేలిపోయినది. 1994లో యుద్ధభయమున పిల్లలు కేంద్రము విడిచిపోగా పునరుద్ధరించిన బడియు మూతపడినది. అపుడు ఆ మగడు, పాపము మంచివాడే, సరుకుల గదిలో తోట పెంచుకొమ్మని భార్యను బుజ్జగింప సంకల్పించినాడు. కేంద్రపు వైద్యుడు, బ్రహ్మచారి, ఆయనను ప్రక్కకు పిలిచి, తోట పెంపకము కాలక్షేపమగునే గాని ఉద్యోగము కాదని తెలియజెప్పవలసి వచ్చినది. న్యాయముగా చెప్పవలెనన్న, ఏడేండ్ల ఆ సంసార చిత్రణలో మాకు నిజమని తోచినది ఈ ఒక్క సన్నివేశమే. అందు భార్య లేదు.

ఆ నిజము రుచించిన వెంటనే రచయితలకు భయము పుట్టినది. కీకోను ఆరు మాసములు మొక్కల సర్వేకని ప్రక్క గ్రహమునకు సాగనంపి తలుపు వేసిరి. పిమ్మట ఆమె వచ్చినపుడెల్ల ఏదో యొక ఉపద్రవము చేత రప్పింపబడినదే. 1996లో ఇంకొక ముఖ్యపాత్ర మేజర్ కీరాను ధరించు నటి నిజముగా గర్భవతి యైనది. ఆ కడుపును కథలో నెక్కడ పెట్టుట? కీకోకు ప్రమాదము కల్పించి, ఆమె గర్భస్థ శిశువును వైద్యుని చేత కీరా గర్భములోనికి మార్పించిరి! ఆ మీదట కీరా వారి యింటనే కాపురముండగా, మగనికి ఆమెపై మనసు మళ్లబోయి మళ్లకుండుట యొక ఎపిసోడు. ఆ పిమ్మట కీకోకు దుష్టశక్తి ఆవహించి, మగనిని బెదిరించి పనులు చేయించుకొనుట మరి యొక ఎపిసోడు. పూనకము లేనిదే పెండ్లాము మగనికి ఆజ్ఞ యిచ్చుట వారి ఊహకును అందలేదు కాబోలు. భార్య నోరు తెరచినచో అలుక, నవ్వినచో భూతము, కానరానిచో పరిశోధన: ఇదియట పరిణత చిత్రణము! ఈ మూడింటను మగడు జవాబు చెప్పవలసిన ప్రశ్న యొక్కటియు లేదని గమనింపుడు. విజ్ఞానమంతయు ఆయనకు గొడుగు పట్టుటకే వినియోగపడినది.

మేనల్లునికి తెలియని రహస్యమొకటి యున్నది. అతడు ఈసడించిన 'కార్తీకదీపం' కూడ వైజ్ఞానిక కల్పనయే. అందు విజ్ఞానమే కల్పన. 2017 అక్టోబరు 16 మొదలు 2023 జనవరి 23 వరకు 1569 ఎపిసోడులు నడచిన ఆ గాథకు మూలము మలయాళపు 'కరుత్త ముత్తు'. కథానాయకుడు సాక్షాత్తు డాక్టరు. సంతానయోగ్యత లేదన్న దొంగ నివేదికను నమ్మి, కడుపుతోనున్న భార్యను అనుమానించినాడు. తండ్రి యెవరో తేల్చు విద్యను అలెక్ జెఫ్రీస్ 1984లో ఇంగ్లండునందు కనుగొన్నాడు. కొలది యేండ్లలోనే లాల్జీ సింగ్ దానిని హైదరాబాదు సీసీఎంబీలో మనకు సాధించి పెట్టినాడు. కేరళ న్యాయస్థానమొకటి పితృత్వపు వ్యాజ్యమున ఆ సాక్ష్యమును అంగీకరించినది. ఇంత జరిగిన దేశములో, వైద్యము చదివిన మహానుభావునికి నాలుగు రక్తపు చుక్కలతో తేలవలసిన సంగతి ఏండ్ల తరబడి తేలలేదు! కాంతివేగమును మించు నౌకను నమ్మినవారు ఈ డాక్టరును నమ్ముటకేల సందేహింపవలె?

ఐనను ఈ సీరియలును మేము ఆ నౌకకంటె ఒక మెట్టు పైన నిలుపుదుము. అందలి భార్య దీపను జనులు ఏమని పిలిచిరి? వంటలక్క యని. మగడు విడిచిన పిదప నలుగురికి వండి పెట్టి, ఆ సంపాదనతో బిడ్డను సాకిన స్త్రీకి ఆమె పనిని బట్టియే పేరు వచ్చినది. విజ్ఞానమున గుడ్డిదైన కథకు ఒక కన్ను తెరచియున్నది.

మా వీధి చివర గుంట మగ్గమున్న యింటిలో ఈ కంటిని ఒకనాడు దగ్గరగా చూచితిమి. మగడు గుంటలో కాళ్లు దింపి నాడె విసరుచున్నాడు. ఇల్లాలు నేల మీద రాట్నము ముందు పెట్టుకొని కండెలు చుట్టుచున్నది. ఎదుట బల్ల మీద టీవీ. కన్నులు బొమ్మపై నున్నవి, చేయి మాత్రము ఆగుట లేదు. పోగు తెగినచో చూడకయే రెండు కొసలు బొటనవ్రేలి క్రింద చేర్చి పురి పెట్టి మరల త్రిప్పుచున్నది. "కండె అయిపోయింది" అని గుంటలోనుండి మగడు. "ఆ డాక్టర్ని కాస్త అయిపోనీ, ఇస్తా" అని ఈమె. ఆ డాక్టరు బుద్ధిహీనతను గుఱించి మేము ఉపన్యాసము ఎత్తుకొనగా, "ఆయన సంగతి మాకెందుకండీ మేష్టారూ. మొగుడు వదిలేసినా వండి పెట్టుకుని పిల్లని పెంచింది చూడండి, అందుకు చూస్తాం" అని మా విమర్శనా పాండిత్యమును రెండు ముక్కలలో ముగించినది.

ఆ యింట చీరలు దింపి అప్పగించినపుడు మాస్టరు వీవరు లెక్కకట్టు మజూరీ యొక్కటే. అది మగని చేతికి వచ్చును. నూలు విడదీయుట, కండెలు చుట్టుట చీర ధరలోనే కలిసిపోయినవి. 2019-20 నాటి నాల్గవ అఖిల భారత చేనేత గణనలో సుమారు 35 లక్షల మందిని లెక్కించి, అందు ఎనిమిది లక్షలకు పైబడిన వారిని అనుబంధ పనివారని వేరు పంక్తిలో వ్రాసినారు. నూలు ధర పెరిగిన నెలలో ఆ దంపతులు పోట్లాడుకొందురు. పోట్లాట ఎక్కడ మొదలైనను, నా చేతి కష్టము ఏ పద్దులో వ్రాసినావన్న ప్రశ్న దగ్గర ఆగును. కీకో అడుగవలసిన ప్రశ్నయు అదియే. రెప్లికేటరు గల రచయితలకు అది తట్టలేదు.

పోనిండు, కలహము వ్రాయు విద్య మన ప్రాంతమునకు క్రొత్త గాదు. పెడనకు పడమరగా పోయిన కూచిపూడి వచ్చును. సిద్ధేంద్రయోగి భామాకలాపము అక్కడ ఎన్ని తరములుగా ఆడుచున్నారో యెల్లరు నెఱుగుదురు. కలహమునకు కారణము ఒక అద్దము: మన యిరువురిలో అందమైనవారెవరని మగడు అడిగినాడు, నేనేయని సత్యభామ యన్నది, అయ్యవారు అలిగి పోయినారు. యంత్రము లేదు, బాంబు లేదు, పరగర్భము లేదు. రాత్రి తెల్లవారుదాక రంగస్థలమంతయు భార్యదే; గర్వము, విరహము, ముక్కెర బేరము, అన్నియు ఆమె నోటనే వినవలె. చివరకు లొంగినది ఆమెయే గదా యని అడుగువారుందురు, అడుగుట న్యాయమే. కాని తన పక్షము తానే చెప్పుకొన్న పిమ్మట లొంగినది. వేదాంతం సత్యనారాయణశర్మ వంటి పురుషుడు ఆ వేషము కట్టినపుడు సైతము ప్రేక్షకులు విన్నది సత్యభామ వాదమునే. ఈ పాటి మర్యాద కీకోకు ఏడేండ్లలో దక్కలేదు.

ఇదంతయు మేనల్లుని ముందు ఏకరువు పెట్టితిమి. అతడు మరమ్మతుల పెద్ద పక్షమున వాదించినాడు: "ఆయన మాత్రం ఏం చేస్తాడు మావయ్యా, బదిలీ అయింది. భార్య కోసం ఎంత ప్రయత్నించాడు!" అప్పుడు లోపలినుండి కాఫీ తెచ్చిన అతని భార్య, ఎంటెక్ చదివి గుడివాడలో ఇంజనీరింగు విద్యార్థులకు పాఠములు చెప్పుచు పెండ్లియైన పిల్ల, గ్లాసులు బల్లపై నుంచి, "మీ ఓబ్రయన్ నయం, సరుకుల గదైనా చూపించాడు" అని లోపలికి పోయినది. హెచ్-4 వీసా మీద మగని వెంట పోయినవారికి అమెరికాలో పని చేయు హక్కు 2015 మే 26 వరకు లేనే లేదు. ఆ తరువాతనైనను, మగని గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటినవారికి మాత్రమే ప్రధానముగా దొరకుచున్నది. ఇన్నేండ్లుగా ఈ కృష్ణా తీరము నుండి విమానమెక్కి, పట్టాలు పెట్టె అడుగున పెట్టుకొని, ఇనుప గోడలకు మారుగా కార్పెట్టు గదులలో కూర్చున్న కీకోలెందరో! మేనల్లుడు ఫోను చూచుకొనుటలో నిమగ్నుడైనాడు.

వైజ్ఞానిక కల్పన వ్రాయుదమని ఉబలాటపడు మన యువ రచయితలకు ఇంతమాత్రము విన్నవించుకొందుము. అయ్యా, కాలయంత్రము కావలెనన్న పెట్టుకొనుడు. 1991లో 'ఆదిత్య 369' పెట్టుకొనలేదా? కాని కథలో ఆలుమగలు అలిగిననాడు భూతమును, నకిలీ రిపోర్టును పిలువక మునుపు, బదిలీ ఎవరికైనదో, రాజీనామా ఎవరిచ్చిరో ఒక్క సంభాషణలో నైనను వ్రాయుడు. 'డీప్ స్పేస్ నైన్' వారు వ్రాయలేదు. 1999 నాటి కడపటి ఎపిసోడులో ఓబ్రయన్‌కు భూమి మీద అధ్యాపక పదవి దొరకినది, సకుటుంబముగా ప్రయాణమైనారు. కీకో వృక్షశాస్త్రము సంగతి విచారించుటకు ఆ రచయితలకు ఇక ఎపిసోడు మిగులలేదు.