వరి ఈనే వేళకు నేనూ ఈనుతాను

నేను పందికొక్కును. అందులోనూ చిన్న జాతిదాన్ని, ఆడదాన్ని. సంతబొమ్మాళి మండలం భావనపాడులో, రేవుకు ఎగువనున్న వరిమడి గట్టు నా ఇల్లు. తూర్పున సముద్రం, ఒక పక్క నౌపడ ఉప్పుమళ్లు, మిగిలినచోట వానను, వంశధార ఎడమ కాలువను నమ్ముకున్న పొలాలు. ఉప్పునేలలో నాకు తిండి లేదు, ఇసుకలో కలుగు నిలవదు. అందుకే ఈ మట్టిగట్టును వదలను.

నా బతుకు వరి చెప్పినట్టు నడుస్తుంది. ఎండాకాలంలో పొలం బీటలు తీసినప్పుడు దొరికే గడ్డివేళ్లు, రాలిన గింజలు నా ప్రాణం నిలబెట్టుకోవడానికే చాలవు. ఇక పిల్లలకు పాలెక్కడివి? అప్పుడు మాలో కడుపుతో ఉన్నవి అరుదు. తొలకరి పడి, ఉభాలు అయి, పైరు పొట్టకొచ్చేసరికి నా ఒంట్లోనూ మార్పు మొదలవుతుంది. మూడు వారాలు మోస్తాను. ఆరో ఎనిమిదో పిల్లలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వెంట్రుక లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. వాటికి పాలిస్తూనే మళ్లీ చూలు నిలుపుకోగలను. ఎన్నులు కొరికి కలుగు అరల్లో దాస్తాను. గట్టు తవ్వి ఆ ధాన్యం చూసిన రైతుకు కోపం రావడం న్యాయమే. కానీ మాలో నిండా ఏడాది బతికేవి తక్కువ. ఉన్న ఒక్క పంటకాలంలోనే నా సంతతి నిలబడాలి.

ఆఫ్రికాలోనూ ఇదే వరస. టాంజానియాలో మొరొగోరో దగ్గర మొక్కజొన్న చేలల్లో మాస్టోమిస్ అనే ఎలుకలుంటాయి. అక్కడి సొకోయినె వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు, బెల్జియం శాస్త్రవేత్తలు వాటిని పట్టి, గుర్తు వేసి, వదిలి ఏళ్ల తరబడి గమనించారు. వానలు పడి లేతగడ్డి మొలిచాకే అవీ ఈనేది. వానలు ముందుగా, దండిగా కురిసిన ఏడు వాటి సంఖ్య విపరీతంగా పెరుగుతుంది.

నా ఈతకాలం కోసం కాచుకుని ఉండేవి ఇంకా ఉన్నాయి. పిల్లల కోసం గడ్డి, ఊక పరిచిన గూడు వెచ్చగా, తేమగా ఉంటుంది. రెక్కల్లేకుండా ఎగిరి దూకే పురుగులు అక్కడే గుడ్లు రాలుస్తాయి. ప్లేగును ఎలుక నుంచి ఎలుకకు మోసేది ఆ పురుగేనని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు చూపించాడు. పేలు నా ఒంటి నుంచి నేరుగా పిల్లల ఒంటికి పాకుతాయి. పాలిచ్చే తల్లికి ఉన్న బలమంతా పాలకే పోతుంది, పురుగును తట్టుకునే శక్తి తగ్గుతుంది. జత కోసం గట్టు గట్టూ తిరిగే మగవి తుప్పతుప్పకీ కొత్త పురుగును అంటించుకుంటాయి.

వీటన్నిటిలో మీరు తెలుసుకోవలసింది కంటికి ఆనని ఒక చిన్న నల్లి గురించి. గట్టు గడ్డిలో, జీడితోటల అంచు తుప్పల్లో పుట్టిన దాని పిల్ల నా చెవి లోపల గుంపుగా చేరుతుంది. కొద్దిరోజులు కణద్రవం తాగి నేలకు రాలుతుంది. పెద్దదయ్యాక మట్టిలోనే బతుకుతుంది, మళ్లీ ఏ జంతువునూ కుట్టదు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం తెచ్చే సూక్ష్మజీవి తల్లినల్లి నుంచి గుడ్డులోకే దిగుతుంది. దాన్ని తరతరాలుగా దాచేది నల్లి. ఆ నల్లికి అన్నం పెట్టేదాన్ని నేను. నేను లేనిచోట మీ కాలు దొరికితే మీ కాలే.

నా మూత్రపిండాల్లో లెప్టోస్పైరా అనే మరో సూక్ష్మజీవి ఉంటుంది. నాకు జబ్బు చేయదు. మూత్రంతో మడినీళ్లలో కలిసి, కాలి పగుళ్లలోంచి, గాయాల్లోంచి మనిషిలోకి వెళ్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ పొలాల్లో పైరు ఎన్ను మీద ఉంది, మా కలుగుల్లో పిల్లలున్నాయి. అలాంటి వరదలో బతికినవి మెరకకు, ఇళ్ల వైపుకు పరుగెడతాయి. వాటి వెంట ఈ పురుగులు, సూక్ష్మజీవులు అన్నీ వస్తాయి.

పంట పండాక ఎవరి మడిలో వాళ్లు ఎలుకమందు పెట్టడం వృథా. అప్పటికే మేం పెరిగిపోయి ఉంటాం, మందు తిన్న మమ్మల్ని తిని గుడ్లగూబలూ చావొచ్చు. మా సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు, ఉభాల వేళకే, ఊరంతా ఒక్కసారి పూనుకుంటే ఫలితం ఉంటుంది. ఇది నా ప్రాణం మీదికొచ్చే మాటే అయినా నిజం.

వానలు వెనకబట్టాక, కోతల రోజుల్లో జ్వరం పట్టుకుంటే చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర, ఆ నల్లిపిల్ల కుట్టినచోట నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉందేమో చూసుకోండి. అది అందరికీ కనబడదు. అందుకని పొలానికో తోటకో వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మొదట్లోనే గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుకే స్క్రబ్ టైఫస్ జ్వరం లొంగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులకు, మెదడుకు పాకవచ్చు.