‘వయసెంత’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం:

వయసు = ఇన్‌పుట్("వయసెంత? ")
ప్రింట్(వయసు * 2)

అవతారిక: పైథాన్ మొదటి పాఠంలో వచ్చే సూత్రద్వయమిది. జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో ట్యూషన్లకు తిరిగే పదకొండో తరగతి పిల్లలు దీన్ని కంప్యూటర్ ముందు కాక నోట్సులో అభ్యసిస్తారు. నోట్సులో ఇన్‌పుట్‌కు అరపేజీ నిర్వచనం, కింద ఎర్రసిరా గీత. అంత గంభీరమైన నిర్వచనానికి టీక లేకపోవడం లోపం.

ప్రతిపదార్థం: ప్రింట్ – స్పష్టం. బ్రాకెట్లు – 2008 డిసెంబరు 3న పైథాన్ 3.0 వచ్చేదాకా ప్రింట్‌కు ఇవి ఐచ్ఛికం, అప్పటినుంచి నిత్యం. పైథాన్ 2కు 2020 జనవరి 1తో నూకలు చెల్లాయి. జిరాక్సు నోట్సుల్లో మాత్రం బ్రాకెట్లు లేని ప్రింట్ చిరంజీవి.

పూర్వపక్షం: 16 అని కొడితే జవాబు 32.

సిద్ధాంతం: కాదు, 1616. ఇన్‌పుట్ ఏది తెచ్చినా అక్షరాల వరుసగా, అంటే స్ట్రింగ్‌గానే తెస్తుంది. స్ట్రింగ్‌ను రెండుతో గుణిస్తే అదే పక్కపక్కన రెండుసార్లు నిలుస్తుంది. ఎర్రరైనా రాదు, అదీ దుర్మార్గం. ‘వయసు + 1’ అంటే కనీసం టైప్‌ఎర్రర్ అని అరుస్తుంది. 32 కావాలంటే ఇన్‌పుట్‌ను పూర్ణసంఖ్యగా మార్చే ఇంట్‌లో పెట్టాలి: వయసు = ఇంట్(ఇన్‌పుట్("వయసెంత? ")).

పాఠాంతరం: పైథాన్ 2లో ఇన్‌పుట్ కొట్టినదాన్ని కోడ్‌గా భావించి విలువ కట్టేది, అక్షరాలుగా తెచ్చే పని రా_ఇన్‌పుట్‌ది. అక్కడ 32 సరైన జవాబే. ఈ సంగతి చెప్పకుండా ‘పరీక్షలో రాదు, రాసుకో’ అనడం ఏ వ్యాఖ్యాన సంప్రదాయమో తెలియదు.

విశేషం: అక్కర్లేనిది చెప్పనని కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఈ టీకాకారుడికి ఆ నియమం లేదు. ఇంట్‌కు తెలుగు అంకెలు వచ్చు. ౧౬ అని కొట్టినా పదహారుగానే గ్రహిస్తుంది, ౧౬కు ముందూ వెనకా ఖాళీలుంటే తుడిచేస్తుంది, ౧ పక్కన 6 కొట్టినా కలుపుకుంటుంది. ‘పదహారు’ అని అక్షరాల్లో రాస్తే మాత్రం వేల్యూఎర్రర్. వేరియబుల్‌కు ‘వయసు’ అని తెలుగులో పేరు పెట్టినా పైథాన్ 3 కాదనదు; ఇన్‌పుట్, ప్రింట్, ఇంట్ మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి. జంషెడ్‌పూర్‌కు టాటా కర్మాగారంలో పనికని శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన కుటుంబాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో హిందీ, ఇంగ్లిషు రాసే పిల్లలున్నారు. తాతగారికి వచ్చిన ౧, ౨, ౩ మనవడికి రావు, మనవడి పైథాన్‌కు వచ్చు. ఆ మాటకొస్తే ఆంధ్రలోనూ ఈ అంకెలు పంచాంగం దాటి రావడంలేదు. ప్రకృతం ఇది కాదు.

తాత్పర్యం: ఇన్‌పుట్ అడుగుతుంది, ఎంటర్ నొక్కేదాకా ఆగుతుంది, అక్షరాలు తెచ్చిస్తుంది. ప్రింట్ చూపించి కిందివరుసకు దిగుతుంది. దీనికి అరపేజీ అక్కర్లేదు. మాస్టార్లు నిర్వచనం చెప్పి రాయించేముందు ఈ రెండు వరుసలనూ పిల్లలచేత ఒక్కసారి కీబోర్డు మీద కొట్టించండి. 1616 వచ్చినప్పుడు ఎందుకని వాళ్లే అడుగుతారు.