జీకాన్ఫ్ గారు ఇంట్లో లేరు

మా ఇంట్లో లైనక్స్ వాడేది నేనొక్కణ్ణే. దీనివల్ల రెండు సుఖాలున్నాయి. నా కంప్యూటర్‌ని ఎవరూ అరువడగరు. అది మొరాయించినప్పుడు నేను సాయంత్రమంతా దాని ముందు కూచున్నా, కూరగాయలకి వెళ్ళిరమ్మని ఎవరూ అనరు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెడుతుంటే మనిషి ఏదో ఘనకార్యంలో ఉన్నాడనే భ్రమ మా ఆవిడకింకా పోలేదు. ఆ అక్షరాల్లో మూడొంతులకి 'నా వల్ల కాదు' అనే అర్థమని నేనూ చెప్పలేదు.

ఆ మధ్య అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు కొందరు తమ ఆన్‌లైన్ సాహిత్య సభలో హాస్యం గురించి మాట్లాడమని పిలిచారు. ఫలానా మీటింగ్ ఆప్ ముందే వేసుకుని సరిచూసుకోండి అన్నారు. ఆ కంపెనీ పేరెందుకు గానీ, ఉబుంటు వాడేవాళ్ళ కోసం కూడా ఒక డెబ్ ఫైలు తయారుచేసి పెట్టారు. మా లెక్కలో అదే పదివేలు. దింపుకున్నాను. డీపీకేజీతో వేశాను. అది సగం వేసి, 'లిబ్‌జీకాన్ఫ్-2-4 కావాలి, అది లేదు' అని చేతులు కట్టుకు నిలబడింది.

డీపీకేజీ స్వభావమే అంత. ఏది లేదో చెబుతుంది, తెచ్చిపెట్టదు. తెచ్చిపెట్టడానికి ఆప్ట్ ఉంది. ఈ రెండిటికీ పుట్టిల్లైన డెబియన్‌ని ఇయన్ మర్డక్ 1993లో మొదలుపెట్టాడు. తన పేరుకి ముందు స్నేహితురాలు డెబ్రా పేరు చేర్చి ఆ పేరు పెట్టాడు. ఆప్ట్ ఉన్న డెబియన్ 2.1 బయటికొచ్చింది 1999లో. మధ్యలో ఉన్న ఆరేళ్ళూ జనం ఎలా బతికారో వాళ్ళనే అడగాలి. ఇప్పుడు ఉబుంటు, మింట్ లాంటివన్నీ ఈ డెబియన్ పొట్టనుంచి వచ్చినవే.

సరే, విరిగినదాన్ని బాగుచెయ్యమని ఆప్ట్‌కి చెప్పాను. ఫిక్స్ బ్రోకెన్ అని దానికో ఆజ్ఞ ఉంది. కాసేపు ఆలోచించి, 'ఈ కింది ప్యాకేజీని తీసేస్తాను' అంది. ఏ ప్యాకేజీ? నేను ఇప్పుడే వేసిన మీటింగ్ ఆప్. ఆప్ట్ వైద్యం అంత సూటిగా ఉంటుంది. ఎవరివల్ల గొడవ వచ్చిందో వాళ్ళని పంపించేస్తే గొడవ ఉండదు.

ఇంతకీ ఈ జీకాన్ఫ్ ఎవరు? గ్నోమ్ డెస్క్‌టాప్ రెండో తరంలో సెట్టింగులన్నీ దాచిపెట్టిన పెద్దమనిషి. 2011లో గ్నోమ్ 3 రావడంతో ఆ కొలువు డీకాన్ఫ్‌కి పోయింది. అయినా జీకాన్ఫ్ పాతవాళ్ళ కోసం ఉబుంటు గోదాములో చాలా ఏళ్ళు ఓ మూల కాలక్షేపం చేసి, 2024 ఏప్రిల్లో 24.04 వచ్చేనాటికి పూర్తిగా వెళ్ళిపోయాడు. మీటింగ్ ఆప్‌కి మాత్రం ఆయన ఇంట్లో ఉంటే తప్ప గడప దాటనని పంతం.

కూకట్‌పల్లిలో ఉండే మా బావమరిదికి ఫోన్ చేశాను. వాడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. ఏం చేస్తాడో అడిగితే 'క్లౌడ్ బావా' అని పైకి చూస్తాడు.

"సుడో పెట్టావా బావా?"

"పెట్టాన్రా."

"మళ్ళీ పెట్టి కొట్టు."

సుడో అంటే యజమాని హోదాతో చెయ్యమని ఆజ్ఞ ముందు పెట్టే మాట. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే మాట. అప్పుడు వాడు అసలు మందు చెప్పాడు. పాత ఉబుంటు గోదాము చిరునామా మన జాబితాలో కలిపేస్తే జీకాన్ఫ్ అక్కడినుంచి దిగుతుందట. ఈ పని గురించి డెబియన్ వాళ్ళు తమ వికీలో ఎప్పుడో హెచ్చరించారు. ఒక తరం ప్యాకేజీలని ఇంకో తరంలో కలిపి కుట్టినదానికి 'ఫ్రాంకెన్ డెబియన్' అని నామకరణం కూడా చేశారు. మూడు ఊళ్ళ శ్మశానాల నుంచి తెచ్చిన కాళ్ళూ చేతులూ అతికిస్తే లేచి నడుస్తుందేమో గానీ, ఎటు నడుస్తుందో మనం చెప్పలేం.

అయినా వాడి మాట కొట్టేయలేక, నిజంగా చెయ్యకుండా 'చేస్తే ఏమవుతుంది' అని మాత్రమే చూపించే ఎస్ అనే గుర్తు తగిలించి అడిగాను. ఆప్ట్‌లో నాకు అన్నిటికంటే నచ్చే సదుపాయం ఇది. జీవితంలో ఇంకెక్కడా దొరకదు. జాబితా వచ్చింది. కొత్తగా వేసేవి కొన్ని. దించి పాత వెర్షన్ పెట్టేవి ఇంకొన్ని. తీసేసేవాటిలో మధ్య వరుసలో, ఏమీ ఎరగనట్టు, 'ఉబుంటు-డెస్క్‌టాప్'.

"వై కొట్టెయ్ బావా, అదేం కాదు" అన్నాడు వాడు.

వీడి వయసు కుర్రాళ్ళందరికీ అవును అనే అర్థంలో వై కొట్టే ఈ జబ్బుంది. దీని మాహాత్మ్యం 2021 నవంబరులో ప్రపంచమంతా చూసింది. లైనస్ సెబాస్టియన్ అనే పేరున్న యూట్యూబర్, లక్షలమంది చూసిన వీడియోలో, పాప్ ఓఎస్‌లో ఆటలాడుకోవడానికి స్టీమ్ వేయబోయాడు. ఆ రోజుల్లో ఆ స్టీమ్ ప్యాకేజీ డిపెండెన్సీల్లో, అంటే అది ఆధారపడే ప్యాకేజీల్లో, తేడా వచ్చి ఉంది. అది వెయ్యాలంటే డెస్క్‌టాప్‌ని తీసెయ్యాలని ఆప్ట్ లెక్క తేల్చింది. ఇది ప్రమాదం, నీకు తెలిసే చేస్తున్నావా అని చెప్పి, నిజంగా కావాలంటే 'ఎస్, డూ యాజ్ ఐ సే!' అని ఆశ్చర్యార్థకంతో సహా టైపు చెయ్యమంది. అతను ఆశ్చర్యార్థకంతో సహా చేశాడు. ఆప్ట్ చెప్పినట్టే చేసింది. డెస్క్‌టాప్ పోయి నల్లతెర మిగిలింది. ఆ తర్వాత వచ్చిన ఆప్ట్‌లలో ఆ ప్రశ్న తీసేశారు. మనిషి చదవకుండా ఒప్పుకుంటాడని యంత్రానికి అర్థమయ్యాక ఇక అడిగి లాభమేముంది?

నా దృష్టిలో ఆప్ట్ అబద్ధమాడదు. అది చేసే తప్పల్లా పూర్తిగా చెప్పడం. పేరు పేరునా, వెర్షన్ అంకెలతో సహా చెబుతుంది. మనకేమో 'అయిందా, కాలేదా' ఒక్క ముక్కలో కావాలి. పైగా అది చేసే పని చిన్నదేం కాదు. వేలకొద్దీ ప్యాకేజీల కోరికలన్నీ ఒకేసారి తీరే కూర్పు ఒకటుందా అన్న ప్రశ్న ఎన్పీ-కంప్లీట్ అని, అంటే ఎంత పెద్దదైనా చప్పున తేల్చేసే దారి ఎవరికీ తెలియని లెక్కల్లో ఒకటని, ఈడాస్ అనే యూరప్ ప్రాజెక్టులోని పరిశోధకులు 2006లో రాసిన పత్రంలో చూపించారు. గళ్ళ సంఖ్య పెంచుకుంటూ పోతే సుడోకు కూడా ఆ గోత్రమే. ప్రతి ఆజ్ఞ ముందూ సుడో ఎందుకు పెట్టాలో నాకప్పుడు బోధపడింది.

ఇంత బరువు మోసే ప్రాణికి కాస్త చమత్కారం కూడా ఉంది. ఆప్ట్-గెట్ సహాయం అడిగితే చివరి వరుసలో తనకి మహా ఆవు శక్తులున్నాయని రాసి ఉంటుంది. ఆప్ట్ మూ అని కొడితే తెర మీద ఆవు బొమ్మ గీసి, ఇవాళ అంబా అన్నారా అని కుశలమడుగుతుంది. ఆ సాయంత్రం నేను చాలాసార్లే అన్నాను.

బావమరిది అక్కడితో ఆగలేదు. కంపెనీ వాళ్ళ సహాయపత్రం చదివి, "ముందు లిబ్‌ఎసౌండ్2 వెయ్యమన్నారు బావా, నువ్వది వెయ్యలేదు" అన్నాడు. వెయ్యబోయాను. ఆప్ట్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ఆ పేరుతో ఎవరూ లేరు, ఆ పేరు పెట్టి పిలిస్తే పలికేవాళ్ళు ఇద్దరున్నారు, ఎవరు కావాలో నువ్వే తేల్చుకో.

ఈ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. యూనిక్స్ సంతతి యంత్రాలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. ఆ లెక్కకి 32 బిట్లే కేటాయించిన చోట 2038 జనవరి 19న పాత్ర నిండిపోయి, కాలం 1901కి దొర్లుతుంది. గండం తెలిసింది కనుక డెబియన్, ఉబుంటు వాళ్ళు 2024లో శాంతి తలపెట్టారు. 32 బిట్ల ఆర్మ్ యంత్రాల్లో కాలానికి 64 బిట్లు ఇచ్చారు. దీనివల్ల లోపలి కొలతలు మారే లైబ్రరీలు పాతవాటితో కలిసిపోకుండా వాటి పేరు చివర టీ64 అని తగిలించారు. వందల లైబ్రరీలకి ఇలా పేరు మారింది. మా ఊళ్ళో న్యూమరాలజీ చెప్పే ఆయనది కూడా ఇదే పద్ధతి. గండం ఉందంటాడు, పేరు చివర ఓ అక్షరం, వీలైతే ఓ అంకె కలుపుతాడు, ఆధార్ కార్డు నుంచి గ్యాస్ పుస్తకం దాకా మార్చుకునే బాధ మనకి వదిలేస్తాడు. తమాషా ఏమిటంటే, నా కంప్యూటర్ మొదటినుంచీ 64 బిట్లదే. దానికి ఆ గండం లేదు. అయినా అందరితోపాటు దానికీ పేరు మార్చేశారు. లిబ్‌ఎసౌండ్2 కాస్తా లిబ్‌ఎసౌండ్2టీ64 అయి కూచుంది.

పాత పేరుకి పలికే రెండో ఆసామి లిబ్‌ఓఎస్ఎస్4-సల్సా-ఎసౌండ్2. అసలు ధ్వని వ్యవస్థ ఆల్సా. ఈయన ఓఎస్ఎస్ అనే వేరే వ్యవస్థ మీద నిలబడి ఆల్సా వేషం కడతాడు. వేషం బాగానే ఉంటుంది గానీ పద్యాలు అన్నీ రావు. ఆప్ పిలిచిన ఫంక్షన్ ఆయన దగ్గర లేకపోతే ఆప్ తెరుచుకోకుండానే కూలుతుంది. నేను టీ64నే ఎంచుకున్నాను. తీరా చూస్తే అది నా దగ్గర ముందునుంచే ఉందిట.

"ఇదంతా ఎందుకు బావా, విండోస్ వేసుకోక" అన్నాడు వాడు చివరికి. ప్రతి లైనక్స్ సంభాషణా చేరే రేవు ఇదే. విండోస్‌లో ఈ గోల లేదా? తొంభైల్లో ఒక ప్రోగ్రామ్ వచ్చి ఇంకో ప్రోగ్రామ్ వాడే డీఎల్ఎల్ అనే లైబ్రరీ మీద తన డీఎల్ఎల్ రుద్దిపోయేది. దానికి డీఎల్ఎల్ నరకం అని పేరే ఉంది. ఇప్పుడు ఒకే లైబ్రరీకి నాలుగైదు వెర్షన్లు పక్కపక్కనే విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్లో దాచి తలుపు వేశారు. లైనక్స్‌లోనూ ఫ్లాట్‌పాక్, స్నాప్ ఆ దారినే పోతున్నాయి. ఎవరికి కావలసినవి వాళ్ళే మోసుకొస్తారు, ఎవరితోనూ పేచీ ఉండదు, డిస్కు నిండుతుంది. ఉబుంటు 18.04లో క్యాలిక్యులేటర్‌ని స్నాప్‌గా ఇచ్చారు. రెండూ రెండూ కలపడానికి అది తెరుచుకునేలోగా నోటితో కలిపేసుకోవచ్చని జనం గొణిగారు. ఇక మా వాడి వృత్తి సంగతా? 2016 మార్చిలో ఒకాయన కోపమొచ్చి లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల కోడ్ వెనక్కి తీసుకుంటే ప్రపంచమంతా జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులు కుప్పకూలాయి. ఆ పదకొండు వరుసలు చేసేది అక్షరాలకి ఎడమవైపు ఖాళీలు చేర్చడం. ఇది గుర్తుచేస్తే వాడికి మీటింగ్ ఉందని గుర్తొచ్చింది.

ఫోన్ పెట్టేశాక, ఎవరి సలహా లేని ప్రశాంతతలో, ముందే అడగాల్సిన ప్రశ్న ఆప్‌నే అడిగాను. డెబ్ ఫైలుని విడగొట్టి, అసలు ప్రోగ్రామ్ ఏయే లైబ్రరీలని పట్టుకుంటుందో ఎల్‌డీడీతో చూశాను. పెద్ద జాబితా వచ్చింది. అందులో జీకాన్ఫ్ ఊసే లేదు! పైన పెట్టెలో ఉన్న కంట్రోల్ అనే చిన్న ఫైల్లో, డిపెండ్స్ అన్న వరుసలో మాత్రం ఆ పేరుంది. ఎప్పుడో ఎవరో ఏదో పాత ఫైల్లోంచి ఎత్తి రాసుకున్న వరుస కాబోలు. దాన్ని చదివినవాడు లేడు, దిద్దినవాడు లేడు. ఆప్ట్ పాపం అక్షరాలా నమ్మింది.

ఆ ఒక్క పేరూ, దాని పక్కన కామా చెరిపి, డీపీకేజీ-డెబ్‌తో మళ్ళీ మూటకట్టి వేశాను. కిక్కురుమనలేదు.

సభ బాగానే జరిగింది. మాట స్పష్టంగా ఉందనీ, బొమ్మ మాత్రం నోరు తెరిచిన చోట ఆగిపోయిందనీ, అయినా ఉపన్యాసానికి నప్పిందనీ అన్నారు. కొన్నాళ్ళకి ఆ కంపెనీ కొత్త వెర్షన్ వదిలింది. విప్పి చూస్తే డిపెండ్స్ వరుసలో జీకాన్ఫ్ లేదు. బావమరిదికి చెప్పాను.

"నే చెప్పలా బావా, కాస్త ఓపిక పడితే దానంతటదే సర్దుకుంటుందని?"

వాడు చెప్పింది వై కొట్టమని.