మీటరు పద్యానికి టీకా తాత్పర్యం

మీట నొక్క నైదు మెచ్చును మీటరు
మరల నొక్క రెండె మాత్రమిచ్చు
పెట్టెఁ దిట్టనేల పిన్నునుఁ జూడుమా
హాలహర్విలోని హ్యాము సూరి

టీక: మీట నొక్కన్ = కీ నొక్కగా; ఐదు = 5 వాట్లు; మెచ్చును = చూపును; మరల నొక్కన్ = అర నిమిషమాగి మళ్లీ నొక్కగా; రెండె = 2 వాట్లే; పెట్టెన్ = ట్రాన్స్‌మిటర్‌ను; తిట్టన్ ఏల = తిట్టడమెందుకు; పిన్నును = కోయాక్స్ కేబుల్ చివరి కనెక్టర్ నడుమనున్న సూదిని; హాలహర్వి = ఊరి పేరు; హ్యాము = అమెచ్యూర్ రేడియో నడిపేవాడా; సూరి = ఓ పండితుడా. ఇది శ్లేష అని కొందరంటారు. హైదరాబాదులో 1983లో వెలసిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వ్యవస్థాపకుల పేరూ సూరియే. కవి అంత దూరం ఆలోచించాడని నేననుకోను.

తాత్పర్యం: నల్లరేగడి చేను గట్టున వేపచెట్టుకు 40 మీటర్ల బ్యాండు డైపోల్ కట్టి, 12 వోల్టుల బ్యాటరీతో సెట్టు నడుపుతున్న హ్యాము, మీటరు ముల్లు నిలవకపోయేసరికి స్క్రూడ్రైవర్ తీశాడు. ఆగమంటున్నాడు కవి.

విశేషాలు: ‘మీట నొక్క’ అన్నాడే గాని ‘మాటలాడ’ అనలేదు. అక్కడే ఉంది ఔచిత్యం. ఎస్‌ఎస్‌బీలో, అంటే మాట పంపే పద్ధతిలో, పవర్ గొంతును బట్టి లేస్తుంది, పడుతుంది. ఆ ఊగును చూసి బెంగపడేవాడికి ఈ పద్యంతో పని లేదు. మోర్స్ కీ నొక్కి పట్టినా ముల్లు మాట మారుస్తుంటేనే అది రోగం.

శంక: బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతోంది కదా, ఇంకేం కావాలి?
సమాధానం: పని చెప్పనప్పుడు చూపడం గొప్ప కాదు. కీ నొక్కి ఉంచి, సెట్టు దగ్గర కొలవాలి. తుప్పుపట్టిన క్లిప్పులో 1 ఓమ్ నిరోధం ఉండి, సెట్టు 1 ఆంపియర్ లాగితే 1 వోల్టు దారిలోనే పోతుంది. పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి నడుస్తుంది గనుక 12 వోల్టులు 11కు దిగితే 5 వాట్లు సుమారు 4.2 అవుతాయి. రెండుకు పడాలంటే ఇదొక్కటే చాలదు. అందుకే కవి వేలు పిన్ను వైపు తిరిగింది.

టంకం ఊడిన పిన్ను ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు. తగలనప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్, అంటే పంపిన పవర్ వెనక్కి తిరిగొచ్చే లెక్క, పెరుగుతుంది; రక్షణ సర్క్యూటు ఉన్న సెట్టు తన ట్రాన్సిస్టర్లు కాలకుండా తానే పవర్ తగ్గించుకుంటుంది. తెలివిగా తగ్గినందుకు దానికి తిట్లు! పరీక్ష సులువు. సెట్టుకు నేరుగా 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలించాలి. ముల్లు 5 దగ్గర నిలిస్తే పెట్టె నిర్దోషి. తర్వాత ఆ లోడ్‌ను కేబుల్ అవతలి చివర పెట్టి, కనెక్టర్ల దగ్గర వేళ్లతో కదపాలి. ముల్లు ఎక్కడ ఉలిక్కిపడితే అక్కడే దొంగ.

శంక: 5 నుంచి 2కు తగ్గితే 4 డెసిబెల్లే. ఒక ఎస్ యూనిట్ 6 డెసిబెల్లు. హైదరాబాదులో వినేవాడికి తేడాయే తెలియదు. ఎందుకీ యాతన?
సమాధానం: ఈ రోజు రెండిచ్చిన పిన్ను రేపు సున్నా ఇస్తుంది. 2004 డిసెంబరులో సరదా సంభాషణల కోసం అండమాన్ వెళ్లిన హ్యాము భారతీ ప్రసాద్ బృందానికి 26న సునామీ ఎదురైంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమవార్తలు మోసినవి ఆ సెట్లే.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘పిన్నును’ బదులు ‘పన్నును’ అని ఉంది. లైసెన్సు రుసుము బాకీ వల్లే పవర్ తగ్గిందని ఆ పక్షం వారి వాదం. ‘పె’కు ‘ప’తో యతి చెల్లదు గనుక ఈ పాఠం త్యాజ్యం. రుసుము మాత్రం కట్టవలసిందే.