చూపేది ఏడంకెలే

నా పేరు ప్రింట్. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నేనొక ఫంక్షన్‌ని. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన భాష ఇది. అంతకుముందు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఎస్ భాష దీనికి మాతృక. మా 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. వంశ చరిత్ర ఇంతటితో చాలు.

పిలవకపోయినా వస్తాను. కన్సోల్‌లో వేరియబుల్ పేరు కొట్టి ఎంటర్ నొక్కండి, దాని విలువను తెర మీద పెట్టేది నేనే. అదే పేరును ఫర్ లూప్‌లో రాస్తే మాత్రం ఉలకను పలకను. అక్కడ నన్ను పేరు పెట్టి పిలవాల్సిందే. ఈ సంగతి తెలియక కొత్తవాళ్లు, ప్రోగ్రామ్ నడిచింది గానీ ఏమీ రాలేదేమిటని జుట్టు పీక్కుంటారు.

పేరుకే పెద్దరికం, నా ఒంట్లో ఉన్నది ఒక్క వాక్యమే. వచ్చింది తేదీయా, ఫ్యాక్టరా, డేటా ఫ్రేమా అని చూసి తగిన మెథడ్‌కు అప్పగిస్తాను. మా క్యాట్ ఫంక్షన్‌కు ఈ తతంగం లేదు. నేను మాటను కొటేషన్లతో సహా చూపిస్తాను, వాడు వాటిని ఒలిచేస్తాడు. కొత్త లైన్ గుర్తు మీరు పెట్టకపోతే వాడి మాట చివరే ప్రాంప్ట్ వచ్చి అతుక్కుంటుంది.

నేను ఎక్కువగా తిట్లు తినేది లక్ష దగ్గర. 123456 ఇస్తే ఉన్నదున్నట్టు రాస్తాను. సరిగ్గా లక్ష ఇస్తే 1ఈ+05 అంటాను. 100000 రాయాలంటే ఆరు గళ్లు కావాలి, ఇలా రాస్తే ఐదే. తక్కువ చోటు పట్టేదాన్ని ఎంచుకోవడం నా పద్ధతి. తన జీతం ఇలా కనబడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, కాదనను. సైపెన్ అనే ఆప్షన్ పెంచితే దారికొస్తాను. ఇక కామాల పని ఫార్మాట్ ఫంక్షన్‌ది. అది మూడేసి అంకెలకు 1,234,567 అని పెడుతుంది. మన లెక్కలో 12,34,567 కావాలంటే సొంత ఫంక్షన్ రాసుకోక తప్పదు.

తెలుగు విషయంలోనూ నా వల్ల కష్టాలు పడ్డవాళ్లున్నారు. విండోస్‌లో తెలుగు పేర్లున్న డేటా ఫ్రేమ్ ఇస్తే ‘త’ ఉండాల్సిన చోట యూ+0సీ24 అని యూనికోడ్ సంఖ్య పడేసేవాణ్ణి. 2022లో 4.2.0 వెర్షన్ కొత్త విండోస్‌లలో యూటీఎఫ్-8కు మారాక ఆ బాధ తప్పింది.

అసలు జాగ్రత్త పడాల్సింది దశాంశాల దగ్గర. మామూలుగా ఏడు సార్థక అంకెలే చూపిస్తాను, అందుకే నా దగ్గర π విలువ 3.141593. కంప్యూటర్ లోపల మాత్రం సంఖ్యకు ఇంకా ఎక్కువ అంకెలుంటాయి, వాటిని నేను ముట్టుకోను. 0.1కి 0.2 కలిపితే 0.3 అంటాను. అది 0.3తో సమానమా అని అడిగితే ఆర్ ఫాల్స్ అంటుంది! పదిహేడు అంకెలు చూపమనండి, 0.30000000000000004 అని బయటపెడతాను. బైనరీలో 0.1 కచ్చితంగా ఇమడదు, తేడా అక్కడ పుట్టింది. అందుకని రెండు దశాంశాలు సమానమో కాదో తేల్చుకోవాలంటే నేను చూపిందాన్ని నమ్ముకోకండి, ఆల్ డాట్ ఈక్వల్ అనే ఫంక్షన్‌ను అడగండి.