కవాట పద్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక

త్రోటిల్ పలక మూసియుండి, తోలువాని పాదము పెడలుపై లేని సమయమున ఇంజను ఆగిపోకుండుటకు చాలినంత గాలిని ప్రక్కదారిని విడుచునది ఐడిల్ కవాటము. ఎంత విడువవలెనో ఆజ్ఞాపించునది ఇంజనును నడుపు కంప్యూటరగు ఈసీయూ. కార్ఖానాలో ఈ రెంటిని ఒకదాని కొకటి చూచి జోడించియే పంపుదురు గాన వాటి నడుమ వివాదము పుట్టదు. అయితే పాత ఈసీయూను ఊడబెరికి, అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనువారు 2001లో వెలువరించిన మెగాస్క్వర్ట్ వంటి దానిని బండియజమాని తానే బిగించుకొనిన క్షణమున ఆ పొత్తు చెడును. అట్టివాని హితము గోరి ఈ ఆటవెలది పుట్టినది. మూలకర్తయు వ్యాఖ్యాతయు ఒక్కరే యగుటచే కవిహృదయమును గూర్చి పండితులు కలహింప నవసరము లేదు.

మూలము

తీగ లెంచి చూచి తెలియక కొనువాడు
గాలి దారి కెట్లు కావలుంచు?
బుద్ధి వేరు, మేను పోకడ వేరైన
యంత్ర మేల నిలుచు హాయిగాను?

ప్రతిపదార్థము

తీగలు = కవాటపు కనెక్టరులోని వైర్లను; ఎంచి చూచి = లెక్కించి, మల్టీమీటరుతో జంటజంటకును నిరోధమును కొలిచి; తెలియక = జాతినిర్ణయము చేయక; కొనువాడు = పాత సామానుల అంగడిలో చౌకగా దొరికెనని సంచిలో వేసికొనువాడు; గాలి దారికి = త్రోటిల్ పలకను చుట్టి పోవు ఉపమార్గమునకు; ఎట్లు కావలుంచు = ఏ విధమున కావలి పెట్టగలడు? (పెట్టజాలడని కాకువు); బుద్ధి = ఈసీయూ; వేరు = ఒక తీరైనదై; మేను పోకడ = కవాటము కదలు రీతి; వేరైన = మరియొక తీరైనచో; యంత్రము = ఇంజను; ఏల = ఎందులకు; హాయిగాను = వేడెక్కిన పిదప నిమిషమునకు 850 చుట్ల చెంత; నిలుచు = స్థిరపడును?

పాఠాంతరము

కొందరు ‘తీగ లెంచి’ అనుటకు మారుగా ‘ధర లెంచి’ అని పఠింతురు. అందు గణభంగమే గాక ఇంజనుభంగమును గలదు గాన త్యాజ్యము.

తాత్పర్యము

కవాటము ఇంజనుకు బిగియుట వేరు, ఈసీయూకు లొంగుట వేరు. మరలు, గొట్టములు సరిపోయినంత మాత్రమున సంబంధము కుదిరినదని తలంపరాదు.

విశేషములు

రెండు తీగల కవాటమునందు కాయిలొకటి, దానిని వెనుకకు లాగు స్ప్రింగొకటి యుండును. ఈసీయూ సెకనుకు 100 మార్ల చెంత కరెంటు నిచ్చుచు త్రుంచుచు, ఇచ్చిన కాలపు శాతమును బట్టి దానిని తెరపించును. కాయిలు 8 ఓములదైనచో 12 వోల్టులపై ఒకటిన్నర ఆంపియరు పారును. ఈ భారము కొన్ని మెగాస్క్వర్ట్ పలకలపై నున్న చిన్న ట్రాన్సిస్టరునకు మించినది గావున దానిని తీసి టిప్ 122 అను పెద్ద ట్రాన్సిస్టరును నిలుపుటయు, కాయిలు విడుచునపుడు పుట్టు ఎదురు వోల్టేజిని మళ్లించుటకు డయోడును చేర్చుటయు సంప్రదాయము.

మూడు తీగల బాష్ కవాటమున నడిమి తీగకు 12 వోల్టులు. తక్కిన రెండును రెండు కాయిలులవి. ఒకటి తెరువ జూచును, ఒకటి మూయ జూచును. ఒకదానికి 60 శాతమైనపుడు రెండవదానికి 40. ఒక్క అవుట్‌పుట్ మాత్రమే గల ఈసీయూ ఈ ద్వంద్వమును పూర్తిగా పాలింపజాలదు.

నాలుగు తీగలది స్టెప్పర్ మోటారు. జనరల్ మోటార్స్ బండ్లలో ప్రసిద్ధము. ఇది శాతము నెరుగదు, అడుగుల నెరుగును. తానెచ్చట నున్నదో చెప్పజాలదు గావున, తాళము త్రిప్పినపుడెల్ల ఈసీయూ దానిని కడకంట త్రోసి అచ్చటినుండి లెక్క మొదలిడును. రెండు కాయిలుల తీగలు కలగలిసినచో అది వణకునే గాని జరుగదు. ఒకే కాయిలు తీగలు తారుమారైనచో మూయుమన్న తెరచును. వణకు దానిని చెడినదని పారవేసిన వారు పెక్కురు. అది చెడలేదు, ఆజ్ఞయే అర్థము గాలేదు.

పూర్వపక్షము

స్టాపు స్క్రూను త్రిప్పి త్రోటిల్ పలకను రవంత తెరచియుంచిన చాలదా? ఈ కవాటపు జంజాటమేల?

సిద్ధాంతము

చాలదు. చల్లని ఇంజను 1200 చుట్లు కోరును, వేడెక్కినది అంత కోరదు. ఏసీ కంప్రెసరు తగిలినపుడు మరల అదనపు గాలి కావలయును. ఒక స్క్రూ ఒక్క స్థితికే చెల్లును. పైగా దానిని మితిమీరి తెరచితిమా, కవాటము పూర్తిగా మూసికొనినను వేగము తగ్గదు. అధికారము లేని పాలకునికి ఆజ్ఞలిచ్చి ప్రయోజన మేమి? ఇక ఇంజను ఊగిసలాడు ‘హంటింగు’ను క్లోజ్డ్ లూప్ (ఈసీయూ వేగమును చూచి కవాటమును దిద్దు పద్ధతి) అంకెలు మార్చి మాన్ప జూచువారు ముందుగా మానిఫోల్డ్ గాలి కారుటను అరికట్టి, పెట్రోలు పాలును, ఇగ్నిషన్ టైమింగును స్థిరపరచి, ఆ దిద్దుబాటు లేని ఓపెన్ లూపులో ఇంజను నిలుచునట్లు చేసికొని, ఆ మీదట లూపు మూయవలెను.

అలంకారము

ఈసీయూ, కవాటములను పేర్కొనక బుద్ధి, మేను అని ఉపమానములనే చెప్పుటచే రూపకాతిశయోక్తి.

నిర్ణయము

ముందు ఈసీయూ పుస్తకమున అవుట్‌పుట్ ఎన్ని, ఎట్టివి, ఎన్ని ఆంపియర్లు భరించునో చదువవలెను. పిమ్మట తీగలు లెక్కింపవలెను. కట్టకడపట వెల యడుగవలెను. ఈ క్రమమును తలక్రిందు చేసినవాడు కవాటమును రెండు మార్లు కొనును.