అచ్చు జారితేనే అందం

ఇంట్లో ఒకరికి స్టెన్సిల్ పిచ్చి పట్టిందంటే మిగతావాళ్లు తమ వస్తువులకు తాళం వేసుకోవాలి. మా సూర్యాపేట ఇంట్లో అది మా ఆవిడకు పట్టింది. మొదటి బలి మా అమ్మ మోకాలి ఎక్స్‌రే.

అచ్చు కోయడానికి ఎక్స్‌రే ఫిల్మును మించింది లేదట. నీళ్లకు నానదు, బ్లేడుకు తేలిగ్గా తెగుతుంది, అంటిన రంగు తుడిస్తే పోతుంది. అట్లా అమ్మ మోకాలి చిప్ప ఉన్నచోట ఎనిమిది రేకుల పద్మం విచ్చుకుంది. తర్వాత డాక్టరు పాత ఎక్స్‌రే తెమ్మంటే అమ్మ ఆ పద్మాన్నే సంచిలో పెట్టుకుపోయింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "అరుగుదల బాగానే ఉందమ్మా" అన్నాడట.

స్టెన్సిల్ వేసే పద్ధతి వినడానికి సులువే. అచ్చును గోడకు ఆనించి, మూలలకు టేపు అంటించి, స్పాంజిని రంగులో ముంచి, ఆ రంగంతా పాత గుడ్డకు అద్దేసి, దాదాపు పొడిగా ఉన్న స్పాంజితో తట్టాలి. చిక్కంతా ఆ పొడి దగ్గరే. వడ్డనలో నెయ్యి గానీ, గోడ మీద రంగు గానీ పిసినారిగా వేయడం మనకు నామోషీ. నిండా ముంచి కొడతాం. పలచటి రంగు అచ్చు కిందికి పాకుతుంది. ఆరకముందే ఎట్లా వచ్చిందోనని ఎత్తి చూస్తాం. మా వంటింటి గోడ మీద పద్మం రేకులన్నీ ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "గోబిపువ్వు మంచిగొచ్చింది పిల్లా" అంది.

మా ఆవిడ ఒక్క క్షణం ఆగి, కుంచె తీసుకుని కింద రెండు పెద్ద ఆకులు గీసింది. "అవునత్తమ్మా, గోబిపువ్వే ఏసిన" అంది. ఇప్పుడు గోడ నిండా గోబిపూలే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఆ స్టిక్కర్లు ఎక్కడ కొన్నారని అడుగుతున్నారు.

పద్మం వరకు నయమే. అక్షరాలు కోయబోతే తెలుగు లిపి అసలు పరీక్ష పెడుతుంది. మనవన్నీ గుండ్రటి అక్షరాలు. సున్నాను చుట్టూ కోస్తే లోపలి ముక్క ఊడి చేతిలో పడుతుంది, మిగిలేది బొక్క. ఆ ముక్క నిలబడాలంటే మధ్యలో సన్నటి పట్టీలు వదలాలి. స్టెన్సిల్‌తో వేసిన సున్నాలూ ఎనిమిదులూ నడుం విరిగినట్టు కనబడేది అందుకే. మిర్యాలగూడ రైసుమిల్లులో గుమాస్తాగా ఉన్న మా బావమరిది చేతికి ఓసారి పట్టీలు వదలని అచ్చే వచ్చింది. 'సన్న బియ్యం' చివర సున్న పూర్తిగా నిండిపోయి ఎర్రటి చుక్కయింది. ఇదేందిరా అంటే, "బియ్యానికి బొట్టు పెట్టినం బావా, శుభమే గద!" అన్నాడు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు తాగిన తెలివి ఊరికే పోతుందా?

కోదాడ వెళ్తే అచ్చులకు కొదవే లేదు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద పోయే ప్రతి లారీ ఒంటి నిండా అక్షరాలే. మా జిల్లా బండి నంబర్లలో అక్షరాలు మార్చినన్ని సార్లు మా పెయింటర్లు చొక్కాలు కూడా మార్చి ఉండరు. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 24. 2014లో తెలంగాణ వచ్చాక టీఎస్ 05. 2016లో సూర్యాపేట జిల్లా అయ్యాక టీఎస్ 29. 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ. అచ్చులు కోసుకున్నవాడు ఎస్ మీద బెంగపెట్టుకున్నాడు. చేత్తో రాసేవాడు మాత్రం నవ్వుకుంటూ కుంచె కడుక్కున్నాడు.

లారీ అంటే గుర్తొచ్చింది. బ్రిటన్ వీధి గోడల మీద బొమ్మలు వేసే బ్యాంక్సీ కుర్రతనంలో పోలీసులకు దొరక్కుండా ఒక లారీ కింద దూరాడట. అక్కడ స్టెన్సిల్‌తో వేసిన అక్షరాలు చూశాకే తనకు దారి దొరికిందని ఆయనే రాసుకున్నాడు. కోదాడ ఢాబాల దగ్గర లారీల కింద కునుకు తీసే క్లీనర్లు గమనించాలి. 2018 అక్టోబరులో లండన్‌లోని సదబీస్ వేలంలో, ఆయన వేసిన, బెలూన్ వదిలేస్తున్న పాప బొమ్మ ఒకటి పది లక్షల పౌండ్లు దాటి పోయింది. సుత్తి పడగానే, ఫ్రేములో ఆయన దాచిన యంత్రం బొమ్మను ముక్కలు చేయడం మొదలుపెట్టి సగంలో మొరాయించింది. రిహార్సళ్లలో ప్రతిసారీ పూర్తిగా కోసిందట! ఆ సగం చిరిగిన బొమ్మే 2021లో కోటీ 85 లక్షల పౌండ్లు పలికింది. యంత్రం సక్రమంగా పనిచేసుంటే మిగిలేది గుప్పెడు సేమియా.

తప్పును దర్జాగా కట్టుకు తిరగడం మనకూ కొత్త కాదు. పాత నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్ చీరలే చూడండి. నూలును ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత మగ్గం మీదికి ఎక్కిస్తారు. ఎంత నేర్పరి నేసినా దారం వెంట్రుకవాసి జరుగుతుంది. అందుకే పువ్వు అంచు ఈకలా చెదిరి ఉంటుంది. ఆ చెదురే ఇక్కత్ గుర్తు. అంచులు స్కేలు పెట్టి గీసినట్టుంటే అది మిల్లు ప్రింటేమోనని మా ఆడవాళ్లు చీర తిరగేసి చూస్తారు.

ఇక మిక్స్‌డ్ మీడియా అంటే బయట పారేయాల్సినవన్నీ గోడకెక్కడం. పగిలిన గాజులు, కొబ్బరి చిప్పలు, బీరువా నిండిన పెళ్లిపత్రికల మీది వినాయకులు. దేవుణ్ణి చెత్తలో వేయలేం, దాచుకోవడానికి చోటు లేదు, కాబట్టి ఫెవికాల్. దీన్ని కొత్త కళ అంటే మా అమ్మ ఒప్పుకోదు. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు, సీతజడలు, గుమ్మడాకు, పసుపు గౌరమ్మ, అన్నీ ఒక్క సిబ్బిలో పేర్చే బతుకమ్మ కన్నా పెద్ద మిక్స్‌డ్ మీడియా ఏముంది? దానికి అచ్చూ లేదు, కొలతా లేదు. గునుగుకు అద్దిన రంగు చేతులకూ, పక్క వరుసకూ అంటుతుంది. పైకి పోతున్నకొద్దీ కొంచెం ఒరుగుతుంది. "గౌరమ్మ పక్కింటి పెసర సద్ది దిక్కు చూస్తుంది" అని నవ్వుకుని ఇంకో వరుస పేరుస్తారు.

ఆ ధైర్యం ఎక్కడిదంటే, రాత్రికల్లా బతుకమ్మ చెరువులోకి పోతుంది. వాకిట్లో ముగ్గు తెల్లారి చీపురుకు పోతుంది. తప్పు ఖరీదు తక్కువైన చోటే చేతికి ఆట వస్తుంది. మా ఊరి పక్కన పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు స్తంభాలను అద్దంలా నునుపు చేసిన శిల్పులకు ఆ వెసులుబాటు లేదు, ఉలి ఒక్కటి ఎక్కువ పడితే రాయి పోయినట్టే. మనకు పోయేది పాత క్యాలెండరు వెనకవైపు. అయినా ఆ శిల్పి కన్నా మనమే ఎక్కువ వణుకుతాం, ఎందుకంటే బొమ్మ ఆరకముందే దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలి.

కాబట్టి కొత్తగా స్టెన్సిల్ పట్టేవాళ్లకు నా సలహా. ముందు క్యాలెండరు వెనక ఆడండి, తర్వాత గోడ. అచ్చు జారితే సున్నం డబ్బా కోసం పరుగెత్తకండి, పక్కన ఓ ఆకు గీసి, కాస్త దూరం జరిగి చూడండి. బండి నంబరు, కరెంటు మీటరు నంబరు, బస్తా మీద తూకం, ఈ మూడూ అచ్చు గుద్దినట్టు ఉండాల్సిందే. మిగతావన్నీ కొంచెం అటూ ఇటూ అయినా కొంపేమీ మునగదు. ఎక్స్‌రేలు మాత్రం డాక్టరును అడిగాకే కోయండి.